ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టాలి

రోహిణి కార్తె, శనివారం

ఈ పొద్దున ఓదెలు వేలి నుంచి ఉంగరం ఊడి రాలేదు. సబ్బునీళ్లు రాసి, దారం చుట్టి, ఇద్దరం కలిసి లాగితే చర్మం గీరుకుపోయి చివరికి వచ్చింది. "మా అత్తగారు పెట్టింది మేడం, గట్టిగనే పెట్టింది" అని నవ్వాడు. వెనక నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు.

కాకిగుట్ట బాయిలో రక్షణాధికారిని నేను. లోపలికి దిగే ప్రతి మనిషీ నా బల్ల దగ్గర ఆగాలి. కంప్యూటర్ లోపల పనిచేసేవాళ్ల ఒంటి మీద లోహం ఉండకూడదు. ఉంగరాలు, గడియారాలు, తాయెత్తులు, మెట్టెలు, జడపిన్నులు, అన్నీ తీసి డబ్బాలో పెట్టాలి. పుస్తెలతాడు తీసి పెట్టే ఆడవాళ్లకు నేనే పసుపుతాడు ఇస్తాను. బట్టలు నూలువే కట్టాలి. జేబులు లేని ఆ నూలు చొక్కాలు అందరికీ కుట్టిపెట్టేది ఓదెలు భార్య సుగుణ.

మా తాతలు బొగ్గు తవ్విన సొరంగాలు ఇవి. బొగ్గు అయిపోయాక, లోపల చల్లగా ఉంటుందనీ ఊటనీళ్లు దొరుకుతాయనీ కంప్యూటర్ని తెచ్చి ఇక్కడ పెట్టారు. జనం మాత్రం ఇప్పటికీ బాయి అనే అంటారు. మనిషి కంటే ఎత్తయిన బీరువాలు వరసలు వరసలుగా సొరంగం మలుపు దాకా పోతాయి. ఒకప్పుడు వాటిని బాగుచేయడానికి మరచేతులు ఉండేవి. అవి చెడిపోయాయి. వాటిని తయారుచేసినవాళ్లు దుకాణం కట్టేశారు. మనుషుల చేతులైతే ఎప్పుడూ దొరుకుతాయి.

ఇవాళ కొత్తగా చేరినవాళ్లకు పాఠం. నేను చెబుతుంటే ఓదెలు చేసి చూపించాడు. బాయి మొత్తంలో అంత కుదురైన చెయ్యి ఇంకొకరికి లేదు. ముందు బీరువాకు కరెంటు బందు చెయ్యాలి. బ్రేకర్‌కు ఎవరి తాళం వాళ్లు వేసుకుని, దాని ప్లాస్టిక్ తాళంచెవి దారంతో మెడలో కట్టుకుని ఒంటి మీదే ఉంచుకోవాలి. "మీ చెవి ఇంకొకరికి ఇయ్యద్దు. నేను అడిగినా ఇయ్యద్దు" అని చెప్పాను. కరెంటు ఆపినా లోపలి కెపాసిటర్లు దాన్ని కాసేపు దాచుకుంటాయి. కర్రపిడి ఉన్న కడ్డీతో తాకించి వాటిని ఖాళీ చెయ్యాలి. ఆ తరవాత ఎడమ చెయ్యి బీరువా చట్రం మీద ఆనించి, పని అయ్యేదాకా అక్కడే ఉంచాలి. ఎండాకాలం దుప్పటి దులిపితే చిటపటమని మెరుస్తుందే, ఆ కరెంటు మన ఒంట్లో ఎప్పుడూ ఉంటుంది. మనకు తెలియను కూడా తెలియదు, మనం తాకిన ఎలక్ట్రానిక్ బోర్డు చచ్చిపోతుంది. చట్రాన్ని పట్టుకుంటే అది భూమిలోకి దిగిపోతుంది.

ఈ ఎడమ చేతి సంగతే అందరికంటే ఆలస్యంగా ఒంటబడుతుంది. ఓదెలుకు ఎంతగా ఒంటబట్టిందంటే హోటల్లో చాయ్ తాగేటప్పుడు కూడా ఎడమ చేత్తో బల్ల అంచు పట్టుకుని కూర్చుంటాడు.

పాఠం అయిపోయి అందరూ లేస్తుంటే అతనే అడిగాడు.

"కరెంటు బందు చెయ్యకుంట పని చెయ్యాల్సి అస్తే ఎట్ల మేడం?"

"చెయ్యద్దు."

"చెయ్యక తప్పకపోతే?"

"దానికి వేరే పద్ధతి ఉన్నది ఓదెలు. నేను చెప్పను. చెప్తే చేస్తరు."

సరేనన్నట్టు తలూపి, కడ్డీ తుడిచి గోడకు తగిలించాడు.

మృగశిర కార్తె, మంగళవారం

గుట్ట మీది నుంచి మబ్బుబండ్లు లేచాయి. వాన వంతులు మొదలయ్యాయి.

వాన తనంతట తాను పడిన కాలం మా అమ్మమ్మకే లీలగా గుర్తుండేది. ఇప్పుడు వచ్చే నాలుగు మబ్బులను ఈ మనిషి లేని చిన్న విమానాలు తోలుకొచ్చి, ఒక ఊరి మీద నిలబెట్టి కురిపిస్తాయి. ఏ మబ్బును ఎటు తోలాలో క్షణం క్షణం లెక్క కట్టి చెప్పేది మా కంప్యూటర్. ఊరికొక వంతు. వంతు రోజున కంప్యూటర్ ఆగిందంటే మబ్బు చెదిరిపోతుంది. మళ్లీ వంతు తిరిగి వచ్చేసరికి విత్తనం మిగలదు.

ఏడో వరస ఇవాళే పేచీ పెట్టింది. కప్పులోంచి ఊట దిగుతోంది. తేమకు బోర్డులు ఒక్కొక్కటే కాలిపోతున్నాయి. ఏడో వరసకూ మిగతావాటికీ కరెంటు ఒకే లైను మీద వస్తుంది కాబట్టి బందు పెడితే లెక్క మొత్తం ఆగిపోతుంది. పెట్టకపోతే చెడిన బోర్డు పక్కదాన్ని చెడగొడుతుంది.

నేను బందు పెట్టించాను. ఓదెలూ, అతని జోడీ బానయ్యా తాళాలు వేసుకుని లోపలికి వెళ్లారు. వాళ్లు పని ముగించి బయటికొచ్చేలోపు జిల్లేడుపల్లె వాళ్ల మబ్బు పోయింది.

సాయంత్రం జిల్లేడుపల్లె వాళ్లు ట్రాక్టర్ల మీద వచ్చి గేటు ముందు కూర్చున్నారు. ఒక్కరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఒక ముసలావిడ నన్ను చూసి, "కొంచెం సేపు ఓర్వకపోతివా బిడ్డా?" అంది. నా దగ్గర జవాబు ఉంది. ఆమె మొహం చూస్తూ ఆ జవాబు చెప్పబుద్ధి కాలేదు.

మేనేజరు గోపీనాథ్ గారు గేటు దాకా వచ్చి చూశారు. "రూల్ రూలేనండీ స్వరూపగారూ, నేను కాదనను. కాకపోతే వీళ్లకు మీరే చెప్పుకోండి" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

మృగశిర కార్తె, ఆదివారం

మా అన్న కనకయ్య ఫోన్ చేశాడు. ఊళ్లో పత్తి వేస్తాడు. నన్ను చదివించింది ఆ పత్తే.

"చెల్లె, బేస్తారం మన ఊరి వంతు. ఇత్తులు వెట్టి ఉన్నం. ఆ ఒక్కనాడు బందు వెట్టకు."

"నా చేతిల లేదన్నా. లోపల చెడిపోతే..."

"నీ చేతిల లేకపోతే ఎవని చేతిల ఉన్నదే? బందు చెయ్యమనేది నువ్వే గద."

వదిన ఫోన్ తీసుకుని పిల్లల సంగతులు చెప్పింది. వంతు మాట ఎత్తలేదు. ఎత్తకపోవడంలోనే అంతా ఉంది.

మృగశిర కార్తె, శుక్రవారం

నిన్న బేస్తవారం. మబ్బు మా ఊరి వైపు మళ్లిందని పైనుంచి కబురు వచ్చిన కాసేపటికే ఏడో వరసలో కాలిన వాసన.

ఓదెలు నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "ఇయ్యాల మీ ఊరి వంతు గద మేడం. జర ఆగుదామా? నేను దగ్గర్నే ఉండి చూస్తుంట."

"ఆగితే పక్క బీరువా అంటుకుంటది. బందు చెయ్యి."

"మీ అన్నకు ఏం చెప్తరు?"

"బందు చెయ్యి ఓదెలు."

చేశాడు. మబ్బు పోయింది.

ఇవాళ మధ్యాహ్నం అన్న బస్సెక్కి వచ్చాడు. క్వార్టరు గడప దాటి లోపలికి రాలేదు. మంచినీళ్లిస్తే తీసుకోలేదు. భూమిలోనే మాడిన పత్తి గింజలు కాసిని గుప్పిట్లో తెచ్చాడు. వాటిని నాకు చూపించి, మళ్లీ తన జేబులోనే వేసుకున్నాడు.

"పరాయోడు కరెంటు తగిలి సస్తడని నీకు భయం. అన్న ఎట్ల సచ్చినా నీకు పర్వలే" అన్నాడు.

బస్సు వచ్చేదాకా చెట్టు కింద నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, పిలవలేదు. పిలిచి ఏం చెప్పాలి? నేను చేసింది సరైనదే. సరైన పని చేసిన మనిషికి అన్నం ఎందుకు సహించదో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఆరుద్ర కార్తె, సోమవారం

పట్నం ఆఫీసు నుంచి హుకుం వచ్చింది. గోపీనాథ్ గారు అందరినీ కూర్చోబెట్టి చదివారు. వంతులు నడిచే రోజుల్లో పట్నం అనుమతి లేకుండా కరెంటు బందు చేయకూడదు. బ్రేకర్ గదికి ఇక నుంచి కంపెనీ తాళం. బోర్డులు మార్చే పని కరెంటు ఉండగానే చేయాలి. అందుకు కావలసిన తర్ఫీదు రక్షణాధికారి ఇస్తారు.

"నేను ఇవ్వను" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"మీరు ఇవ్వకపోతే ఈ పని ఆగుతుందనుకుంటున్నారా?" అని అడిగారు గోపీనాథ్ గారు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు అడిగారు.

"నేర్పితే అదే పద్ధతి అయిపోతుంది సార్. ఇక ఏ బాయిలోనూ ఎవరూ బందు పెట్టరు. నేర్పించాం కదా అంటారు."

"సరే, మీ ఇష్టం. మీరు కాదన్నారని పైకి రాస్తాను."

"రాయండి."

బయటికి వచ్చాక బానయ్య నా ముందుకొచ్చి దండం పెట్టాడు. మిగతావాళ్లు కూడా చుట్టూ చేరారు. కరెంటు ఉండగా ఎవరమూ బీరువా తెరవమని అక్కడే ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. ఓదెలు వెనక నిలబడి అందరితోపాటు చెయ్యెత్తాడు.

గర్వంగా అనిపించింది. రాస్తుంటే ఇప్పుడు కూడా గర్వంగానే ఉంది.

ఆరుద్ర కార్తె, శనివారం

మాట నిలబడలేదు. దాన్ని కంపెనీ విరగ్గొట్టలేదు. మా ఊళ్లే విరగ్గొట్టాయి.

పనివాళ్లంతా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఒకడి మామగారు వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు. ఒకడి ఇంటికి సర్పంచ్ వెళ్లి, మీ వాడి వల్ల వంతు పోతే ఊళ్లో ఉండనివ్వమన్నాడు. బానయ్య బామ్మర్ది పెళ్లిలో అతని పక్కన ఎవరూ కూర్చోలేదట. ఏడో వరస చెడుతూనే ఉంది. పట్నం వాళ్లు బందుకు అనుమతి ఇవ్వడమూ లేదు.

సాయంత్రం హోటల్లో ఓదెలు నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"సుగుణ తల్లిగారి ఊరి వంతు దగ్గరికి అచ్చింది మేడం. మా మామ నారు వోసి కూసున్నడు. ఇంట్ల ఎవ్వరు నాతోని సరిగ మాట్లాడుతలేరు."

"అందరు గట్టిగ నిలబడితే వాళ్లేం చెయ్యలేరు ఓదెలు."

"అందరు ఏడున్నరు మేడం? ఇద్దరు ఒప్పుకున్నరు. వాళ్ల చేతులు మీకు ఎరుకే, స్క్రూ కూడ నిలవదు. వాళ్లు పోయి సచ్చేకంటె నేను పోవుడు నయం గద."

"ఎవ్వరు పోవద్దు."

అతను చాయ్ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. తరవాత గొంతు తగ్గించి అడిగాడు.

"మీకు ఎరుక గద మేడం. ఏం చెయ్యాలె, ఏం చెయ్యద్దు. ఒక్క మాట చెప్పుండ్రి. మీరు చెప్పిండ్రని ఎవ్వరికి చెప్ప."

చెబితే వెళతాడు. చెప్పకపోతే వెళ్లడు. అప్పుడు నేను అనుకున్నది అంతే.

"చెప్పను. నువ్వు పోకు."

"సరే మేడం" అన్నాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. నా చాయ్‌కి కూడా తనే పైసలిచ్చి వెళ్లిపోయాడు.

పునర్వసు కార్తె, బుధవారం

ఓదెలు పోయాడు.

తర్ఫీదు ఎందుకు ఇవ్వనన్నానో సంజాయిషీ చెప్పమని నన్ను పట్నం పిలిచారు. నేను ఆ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని ఉండగా ఫోన్ వచ్చింది. జరిగింది బానయ్య చెప్పాడు. అతను చెప్పినట్టే రాస్తున్నాను.

పొద్దున ఓదెలూ, బానయ్యా ఏడో వరసకు వెళ్లారు. కంపెనీ రబ్బరు తొడుగులు ఇచ్చింది. మందంగా ఉన్నాయి, వాటితో స్క్రూ పట్టు దొరకదు. ఓదెలు కాసేపు ప్రయత్నించి రెండూ తీసి పక్కన పెట్టాడు. ఎప్పటిలాగే ఎడమ చెయ్యి చట్రం మీద ఆనించాడు. కుడి చేత్తో మొదటి బోర్డు విప్పి బయటికి తీశాడు. కొత్తది పెట్టాడు. "అయిపాయె, ఇంతే గద" అన్నాడట. రెండోది విప్పుతుంటే స్క్రూడ్రైవర్ జారింది.

బానయ్య బ్రేకర్ గదికి పరిగెత్తాడు. దానికి కంపెనీ తాళం ఉంది. గోపీనాథ్ గారు తాళంచెవి చేతిలో పట్టుకునే పట్నానికి ఫోన్ చేశారు. అవతల ఫోన్ ఎత్తినావిడ, పైవాళ్లను అడిగి చెబుతానంది. బానయ్య మళ్లీ లోపలికి పరిగెత్తి, తన చొక్కా విప్పి తాడులా మెలేసి, ఓదెలు నడుముకు వేసి లాగాడు. లాగితే వచ్చాడు. అప్పటికే అయిపోయింది.

కంప్యూటర్ ఆగలేదు. మధ్యాహ్నం సుగుణ తల్లిగారి ఊళ్లో వాన పడింది. ఈ కార్తెలో అంత మంచి వాన ఇంకే ఊళ్లోనూ పడలేదని పైన మబ్బుబండ్ల వాళ్లు చెప్పుకుంటున్నారు.

నేను వెళ్లేసరికి సుగుణ కుట్టుమిషను పక్కన నేల మీద కూర్చుని ఉంది. మిషను మీద సగం కుట్టిన నూలు చొక్కా ఉంది. ఆమె ఏడవడం లేదు, ఎవరినీ ఏమీ అడగడం లేదు. కాసేపటికి ఆమె తల్లి ఊరి నుంచి వచ్చింది. తలా చీరా తడిసి, కాళ్లకు బురదతో వచ్చింది. కూతుర్ని పట్టుకోబోయి, తన తడిబట్టలు చూసుకుని ఆగిపోయింది. తుడుచుకోవడానికి ఎవరో తువ్వాలు ఇచ్చారు. ఆమె దాన్ని చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడింది.

పుష్యమి కార్తె, మంగళవారం

విచారణ ముగిసింది. మృతుడికి కరెంటు ఉండగా పనిచేసే తర్ఫీదు లేదు. తర్ఫీదు ఇమ్మని ఆదేశించినా రక్షణాధికారి అందరి ముందూ నిరాకరించారు. ఈ రెండు వాక్యాలూ గోపీనాథ్ గారు నాకు చదివి వినిపించారు. ఒక్క అబద్ధం లేదు. అబద్ధం ఉంటే కొట్లాడేదాన్ని.

"బ్రేకర్ గది తాళం సంగతి రాశారా?" అని అడిగాను.

"తాళం హుకుం ప్రకారమే ఉంది కదండీ" అన్నారు. తరవాత నా వైపు చూడకుండా, "ఫోన్ పెట్టేసి తాళం తీసి ఉంటే నా ఉద్యోగం పోయేది. అంతే కదా పోయేది. అప్పుడు తోచలేదు" అన్నారు. ఆ మాట ఏ విచారణలోనూ చెప్పరు. నాకెందుకు చెప్పారో తెలియదు.

బానయ్య నాతో మాట్లాడడం మానేశాడు. ఇవాళ నేనే ఎదురుపడి నిలేస్తే అన్నాడు. "మీరు చెప్పకపోతే మేం చెయ్యం అనుకున్నరు మేడం. చేస్తమని మాకు ఎరుకే. వాడు మీ దగ్గరికి అచ్చి అడిగిండు గద. పోవాలె అనుకున్నంకనే అడిగిండు."

పొద్దుగూకుతుండగా అన్న ఫోన్ చేశాడు. ఆ రోజు తరవాత ఇదే మొదటిసారి. పేపర్లో చూశానన్నాడు. పాపం ఎంత వయసు అన్నాడు. తిన్నావా అని అడిగాడు. నాకు ఏడుపు రాబోయింది. అంతలో ఇంకో మాట అన్నాడు.

"అంటే కరెంటు ఉండంగ కూడ చెయ్యచ్చన్న మాట. ఆనాడు మా వంతుకు ఎందుకు చెయ్యకపోతిరి చెల్లె?"

ఫోన్ పెట్టేశాను.

ఆశ్లేష కార్తె, సోమవారం

భర్త ఉద్యోగం భార్యకు ఇవ్వడం బొగ్గు కాలం నుంచీ ఇక్కడ ఆనవాయితీ. ఈ పొద్దున సుగుణ నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది. తాను కుట్టిన చొక్కానే తొడుక్కుంది. ఆమె ఒంటి మీద తీసి డబ్బాలో పెట్టడానికి ఏమీ లేదు.

"నన్ను ఏడో వరసకు ఏసిండ్రు మేడం."

"వద్దని చెప్పు. వేరే పని ఇప్పిస్తా, నేను మాట్లాడుతా."

"మాట్లాడిన. ఖాళీ అదే ఉన్నదన్నరు. చేస్తే చెయ్యి, లేకపోతే లేదన్నరు. బట్టలు కుట్టి ఎన్నొద్దులు బతుకుత? సూది మీద ఉన్న చెయ్యి, కుదురుగనే ఉంటది. మీరు చెప్పుండ్రి."

"ఏం చెప్పాలె?"

"ఆయనకు చెప్పంది."

నేను లేచాను. పాఠాలకు వాడే ఖాళీ బీరువా దగ్గరికి ఇద్దరం వెళ్లాం. తలుపు తీసి ఆమెను ముందు నిలబెట్టాను. ఆమె చట్రం మీద ఎడమ చెయ్యి ఆనించింది. నేను చెప్పకుండానే ఆనించింది.

"తియ్యి" అన్నాను. "ఎడమ చెయ్యి తియ్యి. వీపు వెనక్కి పెట్టుకో, చొక్కా పట్టుకో. బీరువాను ముట్టద్దు. ఏది ముట్టద్దు. కుడి చెయ్యి ఒక్కటే లోపలికి పోవాలె. రెండు చేతులు రెండు చోట్ల ఆనితే కరెంటు ఒక చేతిల నుంచి ఇంకో చేతిలకు పోతది. నడుమ గుండె ఉంటది."

"చట్రం పట్టుకునే ఉండాలె అంటరు గద? ఇంట్ల గూడ అదే చెప్పేటోడు. ఎడమ చెయ్యి ఇడిస్తే మేడం తిడ్తది అనేటోడు."

"అది బందు చేసినప్పుడు. కరెంటు ఉన్నప్పుడు దానికి ఉల్టా."

సుగుణ చెయ్యి తీసి వెనక్కి పెట్టుకుంది. బీరువా లోపలి ఖాళీ అరల వైపు చూస్తూ అడిగింది.

"ఆ పొద్దు ఆయన ఎడమ చెయ్యి యాడ ఉండె?"

"చట్రం మీద."

"మీరు నేర్పినట్టే."

"నేను నేర్పినట్టే."

బయట ఎవరో బొగ్గు కాలంనాటి పాత తోపుడుబండి నెట్టుకుంటూ పోతున్నారు. ఆ చప్పుడు పోయాక సుగుణ అడిగింది.

"గింతేనా మేడం?"

"ఇంకా ఉన్నయి. రబ్బరు పట్టా మీద నిలబడాలె. చెమట పడితే చెయ్యి తుడుచుకొని మళ్ల మొదలుపెట్టాలె. స్క్రూడ్రైవర్ కొన దాకా టేపు చుట్టాలె. కానీ అన్నిటికంటె పెద్దది ఇదే."

"గింతే" అంది తనలో తాను. "చాయ్ తాగినంత సేపట్ల చెప్పచ్చు."

ఆమె కుడి చెయ్యి ముందుకు చాచి, లేని బోర్డుకు లేని స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి ఒకసారి చట్రం వైపు వచ్చింది. వెనక్కి పెట్టించాను. మళ్లీ వచ్చింది. మళ్లీ పెట్టించాను. సాయంత్రానికి రావడం మానేసింది.

మఖ కార్తె, శుక్రవారం

సుగుణ వెనకే మిగతావాళ్లు కూడా వచ్చి నేర్చుకున్నారు. మొన్న పట్నం నుంచి మెచ్చుకుంటూ హుకుం వచ్చింది. కాకిగుట్టలో రక్షణాధికారి స్వరూప ప్రారంభించిన తర్ఫీదు ఎంతో ఉపయోగకరంగా ఉన్నందున మిగతా బాయిల నుంచి కూడా మనుషులను పంపుతారు. వానల కాలంలో కరెంటు బందు చేసే అధికారం ఇక ఏ బాయిలోనూ ఎవరికీ ఉండదు. ఆ రోజు అందరి ముందూ నేను ఏది జరుగుతుందన్నానో అదే జరిగింది. నా జోస్యం ఎంత నిజమైందో చూసుకుని మురిసిపోవడానికి మాత్రం ఎవరూ మిగల్లేదు.

రాజీనామా రాశాను. ఇవ్వలేదు. ఇస్తే నా చోటులోకి వచ్చేవాళ్లకు ఎడమ చేతి సంగతి తెలుసో లేదో. ఇవ్వకపోతే నా పేరు మీద ఇది ఇట్లాగే నడుస్తుంది. రెండు వైపుల నుంచీ ఆలోచించి చూశాను. మంచిది అనిపించుకునే దారి రెండింట్లోనూ లేదు.

ఇవాళ సుగుణ మొదటిసారి కరెంటు ఉన్న బీరువా తెరిచింది. నడుముకు నూలు తాడు కట్టి, రెండో కొస నేను పట్టుకున్నాను. గోపీనాథ్ గారు దూరంగా నిలబడ్డారు. ఆయన చేతిలో ఫోన్ లేదు, బ్రేకర్ గది తాళంచెవి ఉంది. అది నేను గమనించానని ఆయనా గమనించారు.

ఏడో వరస ఫ్యాన్ల హోరులో మాట వినబడదు. సుగుణ నా చెవి దగ్గరికి వచ్చి, "ఇయ్యాల ఏ ఊరి వంతు?" అని అరిచింది.

"జిల్లేడుపల్లె" అని అరిచాను.

తలుపు తీసింది. లోపల చిన్న చిన్న దీపాలు ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. ఎడమ చెయ్యి వెనక్కి పోయి చొక్కా అంచును పిడికిట్లో పట్టుకుంది. కుడి చెయ్యి లోపలికి వెళ్లింది. నేను ఆ పిడికిలినే చూస్తూ నిలబడ్డాను. వేళ్లు తెల్లబడ్డాయి. ఒకసారి పిడికిలి వదులైంది. తాడు లాగబోయాను. మళ్లీ బిగిసింది. స్క్రూలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి, పాత బోర్డు వచ్చింది, కొత్తది లోపలికి వెళ్లింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి తలుపు మూసింది. నా చేతులు తాడు విడవడానికి కొంచెం సేపు పట్టింది.

గోపీనాథ్ గారు దగ్గరికి వచ్చి, "చూశారా, ఏమీ కాలేదు" అన్నారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. ఆ మాట నాకు చెప్పారో తనకే చెప్పుకున్నారో.

పైకి వచ్చాక సుగుణ ముంత నిండా నీళ్లు తాగి, చేతులు కడుక్కుని, నా బల్ల దగ్గర ఆగింది.

"మంచిగ చెప్పిండ్రు మేడం. మీరు చెప్పినట్టు చేసిన, బతికి అచ్చిన."

నేను తల ఊపాను.

"గందుకే మిమ్మల్ని మాఫ్ చెయ్యలేను. చెప్తే బతుకుతరని ఇయ్యాల నా చేతులకు ఎరుకైంది."

టిఫిన్ డబ్బా తీసుకుని ఎండలోకి నడిచింది. తలుపు దగ్గర పక్క బాయిల నుంచి వచ్చినవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోవడం లేదు. నేను లేచి, లోపలికి రమ్మన్నాను.